గడప ముందు ఆగిన మేళం

మల్లికండ్రిగకు కరెంటు వచ్చిన ఏడాదే మస్తానయ్య టీ అంగడి మీదికి మైకు ఎక్కింది. అది పందొమ్మిది వందల అరవై ఒకటి. నెల్లూరు నుంచి సముద్రం దిక్కుగా వచ్చే బస్సు ఆ అంగడి ముందే ఆగి వెనక్కి తిరుగుతుంది. బస్సు దిగిన మనిషికి టీ కంటే ముందు పాట అందాలని మస్తానయ్య పంతం. తెల్లవారుతూనే దేవుడి పాటతో మొదలుపెట్టేవాడు. పొద్దెక్కే కొద్దీ దేవుడు వెనకబడి సినిమా ముందుకొచ్చేది. అతని దగ్గర ఉన్నవి మొత్తం పన్నెండు గ్రామఫోను ప్లేట్లు. అవి తిరిగి తిరిగి అరిగిపోయాయి. ఒక పాటలో ఒక చోట ముల్లు ఇరుక్కునేది. మస్తానయ్య చెయ్యి పాలగిన్నె మీద ఉంటే, ఆ చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆ గొంతు అదే ముక్కను పట్టుకుని ఊరి చెవుల్లో అరిచేది.

ఆదిశేషమ్మ ఇల్లు ఆ అంగడికి నాలుగిళ్ళ అవతల. అయినా మంచి రోజుల్లో ఆమె ఆ మైకును ఒక్క మాట అన్నది లేదు. కూతురు చెంచులక్ష్మికి పాట వినబడితే చాలు, చేతిలోని చేట పక్కన పెట్టి చెవి అటు వేసేది. పదహారేళ్ళ పిల్ల. "అది ఏ రాగమో చెప్పుకో అమ్మా" అని తల్లిని ఆటపట్టించేది. తల్లికి రాగాలెక్కడ తెలుసు? మేళగాడి ఇంట్లో పాతికేళ్ళు కాపురం చేసినా, భర్త ఆకలి మీద వాయిస్తున్నాడా, తిని వాయిస్తున్నాడా అన్నదొక్కటే ఆమెకు తెలిసేది.

భర్త హజరత్తయ్యది నాదస్వరం. చుట్టుపక్కల పది ఊళ్ళలో పెళ్ళికైనా తిరునాళ్ళకైనా అతని మేళమే. మగపిల్లలు పుట్టినా దక్కలేదు. ఆడపిల్ల చేతికి నాదస్వరం ఇచ్చే ఆచారం లేదు. అయినా ఆ విద్యంతా చెవుల గుండా చెంచులక్ష్మిలోకే దిగింది. రెల్లు కోసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, అతను ఊదే పీకలు కట్టేది ఆ పిల్లే. ఏ పీక పెళ్ళికి, ఏ పీక దేవుడికి అని తేల్చేదీ ఆ పిల్లే. "నా బిడ్డ కట్టిన పీకను నేను ఊదే పనే లేదు, నోట్లో పెట్టుకుంటే అదే పాడతాది" అని హజరత్తయ్య కనబడినవాడికల్లా చెప్పుకునేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఆ మాటలో ముద్దు కొంత, నిజం చాలా.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు చెంచులక్ష్మి జ్వరంతో పడుకుంది. ఊరి డిస్పెన్సరీలో కాంపౌండరు, సమాధానం అనే ఆయన, వచ్చి చూసి టైఫాయిడ్ అన్నాడు. బస్సెక్కి నెల్లూరు పోయి తనే మాత్రలు తెచ్చిపెట్టాడు. రోజూ వెళ్ళే ముందు పిల్ల తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి వెళ్ళేవాడు. ఆదిశేషమ్మ ఆయన దేవుడికీ మొక్కింది, గుళ్ళో వేణుగోపాలస్వామికీ మొక్కింది, భర్తకు ఆ పేరు పెట్టించిన దర్గాకూ మొక్కింది. బిడ్డ బతికితే చాలు, ఎవరు బతికించినా ఆమెకు ఒకటే.

ఇరవై రెండో రోజున ఒళ్ళు చల్లబడింది. సమాధానం థర్మామీటరు దులిపి డబ్బాలో పెట్టుకుంటూ, "గండం గడిచినట్టే తల్లీ" అన్నాడు. "అయితే ఇల్లలకతానే పండగ గాదు. ఈ జ్వరం తిరగబెట్టే రకం. రెండు వారాలు పిల్లకు జావా, నిద్రా, ఈ రెండే మందు. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే మాదిరి ఉండాది. కంటినిండా నిద్ర పోనీయండి."

నిద్రపోనివ్వాలంటే మైకు నోరు మూయించాలి. ఆదిశేషమ్మ వెళ్ళి మస్తానయ్యను అడిగింది. అతను చెడ్డవాడు కాడు. "అయ్యో అక్కా, బిడ్డకంటేనా" అని ఆ పూటకు ఆపేశాడు. మర్నాడు బస్సు వచ్చి ఆగేసరికి అతని చెయ్యి అలవాటు కొద్దీ మీట మీదికి పోయింది. ఇరుక్కున్న ముల్లు ఒకే ముక్కను అరుస్తుంటే, పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని వణికింది.

"పంచాయతీలో అర్జీ పెట్టయ్యా" అన్నది భర్తతో.

"మస్తానయ్య మీదా? దినామూ మొగాలు చూసుకునేవాళ్ళం గదా."

"మొగాలదేముంది, మళ్ళా చూసుకోవచ్చు. నువ్వు పొయ్యి పెట్టు."

ఆ అర్జీ ఆలోచన ఆదిశేషమ్మదే. ఆ సంగతి ఊరు మరిచిపోయింది, ఆమె మాత్రం చచ్చేదాకా మరవలేదు.

పంచాయతీల చేతికి అధికారాలు కొత్తగా వచ్చిన రోజులవి. ప్రెసిడెంటు కామాక్షయ్యకు తీర్మానాలంటే, కొత్త చెప్పులు వేసుకున్నవాడికి నడక మీద ఉండేంత మోజు. అర్జీ అందుకున్న మూడో రోజుకే తీర్మానం చేయించాడు. గుమస్తా ఎక్కడిదో ఒక నకలు చూసి రాశాడు. బడికి గానీ, డిస్పెన్సరీకి గానీ, రోగి ఉన్నట్టు అర్జీ పెట్టుకున్న ఇంటికి గానీ వంద గజాల లోపల మైకు, మేళం, తప్పెట, టపాకాయలు మోగించరాదు. పంచాయతీ మళ్ళీ తీర్మానించేదాకా ఇదే కట్టడి. హజరత్తయ్య వేలిముద్ర వేసి వచ్చాడు. చదివి వినిపించినప్పుడు అతని చెవికి ఎక్కింది మైకు ఒక్కటే. ఆ వెనకే ఉన్న మేళం అనే మాట, తను ముప్పై ఏళ్ళుగా బతుకుతున్న మాట, చెవి పక్క నుంచి జారిపోయింది.

ఆ కట్టడిని ఊరికి తెలిపింది కూడా తప్పెట కొట్టే. దండోరా వేసేవాడు ఆదిశేషమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక, తప్పెటను చంకలో పెట్టుకుని గొంతు తగ్గించి నోటితో చెప్పి వెళ్ళాడు. మంచంలో పడుకున్న చెంచులక్ష్మి అది చూసి నెలరోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసిన తల్లికి, అర్జీ పెట్టించి ఎంత మంచిపని చేశానో అనిపించింది.

నిజంగానే వారం రోజులు బాగా గడిచాయి. వీధి నిమ్మళించింది. పిల్ల నిద్రపోయింది, జావ తాగింది, చారు కావాలని అడిగింది. గోడకు ఆనుకుని కూర్చుని, వణికే వేళ్ళతో ఒక పీక కట్టింది. రెండు పూటలు పట్టింది దానికి.

"ఇది ఆఖరి రోజుకు నాయనా" అన్నది హజరత్తయ్య చేతిలో పెడుతూ. "తొలిరోజు పాతదాంతోనే కానీ. దీన్ని నానబెట్టి పెట్టుకో, ఆఖరి రోజుకు పదునుకొస్తాది."

వేణుగోపాలస్వామి తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. ఐదు రోజుల ఉత్సవం. స్వామి పల్లకి వాళ్ళ వీధిలోకి వచ్చేది తొలిరోజు, మళ్ళీ ఆఖరి రోజు. ఆ ఊరేగింపుకు ఒక పాత కట్టడి ఉంది. దాన్ని ఏ పంచాయతీ రాయలేదు, ఏ దండోరా చాటలేదు. ఏ ఇంట్లోనైనా మనిషి కొనఊపిరితో ఉంటే ఆ గడప ముందు మేళం ఆపుతారు. మేళం వినబడితే పోయే ప్రాణం రాగానికి తగులుకుని, పోలేక ఉండలేక కొట్టుకులాడుతుందని పెద్దల మాట. అక్కడ గంట ఒక్కటే మోగుతుంది, పల్లకి దాటిపోతుంది, ఆ ఇంటి హారతి అందుకోరు. ప్రాణం పోయిన ఇల్లుంటే ఇక స్వామి ఆ వీధిలోకే రాడు, ఏడుపు వినబడితే ఉన్నచోటి నుంచే వెనక్కి తిరుగుతాడు. ఏ గడప ముందు ఆపాలో కనుక్కుని పెట్టుకోవడం మేళగాడి పని. హజరత్తయ్య ముప్పై ఏళ్ళలో ఏడెనిమిది గడపల ముందు ఆపాడు. ఆపిన ఏ ఇంట్లోనూ మనిషి దక్కలేదు. ఊళ్ళో పిల్లాజెల్లాకు కూడా ఆ సంగతి తెలుసు.

తొలిరోజు పొద్దు వాలే వేళకు చెంచులక్ష్మి తల దువ్వించుకుంది. రెండు దిండ్లు వీపుకు పెట్టించుకుని కూర్చుంది. గుడి దగ్గర డోలు మొదలైంది. ఆదిశేషమ్మ పళ్ళెంలో కర్పూరం సిద్ధం చేసుకుంటోంది.

"మోహన ఎత్తుకున్నాడమ్మా" అన్నది పిల్ల. కాసేపటికి, "మలుపు తిరిగినారు. పాత పీకే. నా మాట విన్నాడు" అన్నది.

నాదస్వరం దగ్గరపడింది. పిల్ల వేళ్ళు దుప్పటి మీద తాళం వేస్తున్నాయి. పక్కింటి ముందు హారతి ఇస్తున్నట్టున్నారు, మేళం అక్కడ కాస్త జోరందుకుంది. మళ్ళీ కదిలింది. ఇక నాలుగు అడుగులు వేస్తే తమ గడపే. అప్పుడు ఆగింది. నాదస్వరం ఆగింది, దాని వెనకే డోలు ఆగింది. గంట ఒక్కటే మోగుతూ వచ్చింది.

పీక జారిందేమోనని ఆదిశేషమ్మ పళ్ళెం పట్టుకుని గడపలోకి వెళ్ళింది. పల్లకి ముందు హజరత్తయ్య నాదస్వరం దించి పట్టుకుని నడుస్తున్నాడు. భార్యను చూసి పెదాల మీద వేలు పెట్టుకుని, నిద్రపోతోందా అన్నట్టు తల వంచి చెయ్యి చెంపకు ఆనించి నవ్వాడు. అంత ముద్దుగా నవ్విన మనిషి మీద ఆ తర్వాత ఆమె ఎన్నడూ కోపం తెచ్చుకోలేకపోయింది. పల్లకి ఆగలేదు. వెనక వస్తున్న ఆడవాళ్ళు మేళం ఆగింది చూసి, అలవాటు కొద్దీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, ఆమె వైపు జాలిగా చూస్తూ దాటిపోయారు. వాళ్ళెందుకట్లా చూశారో ఆమెకు వెంటనే తట్టలేదు. కర్పూరం పళ్ళెంతో లోపలికి తిరిగి కూతురి మొహం చూసినప్పుడు తట్టింది.

పిల్ల దిండ్ల మీద నుంచి జారి పడుకుంది. తాళం వేసిన వేళ్ళు మూసుకుపోయాయి.

"కాంపౌండరయ్య మీతో ఏం చెప్పినాడమ్మా?" అన్నది.

"ఏం చెప్తాడు పాపా, గండం గడిచిందన్నాడు. నువ్వు విన్నావు గదా."

"నాకు చెప్పింది విన్నాను. మీకు చెప్పింది అడుగుతుండా."

ఆదిశేషమ్మ మంచం మీద కూర్చుని, భర్త సైగను బట్టి తనకు అర్థమైనదంతా చెప్పింది. అర్జీ, తీర్మానం, వంద గజాలు, నిద్ర. చెబుతూ నవ్వబోయింది, నవ్వు రాలేదు. పిల్ల ఓపిగ్గా విన్నది. విని, "సరేలే అమ్మా" అని గోడ వైపు తిరిగి పడుకుంది. తల్లి మనసు కష్టపెట్టకూడదని బిడ్డ ఒప్పుకున్న ఒప్పుదల అది. అట్లాంటి ఒప్పుదల కంటే ఎదురు తిరిగి అరిచినా బాగుండేది.

దీపాలు పెట్టే వేళకు హజరత్తయ్య వచ్చాడు. గుళ్ళో జరిగింది చెప్పాడు. మేళం ఎత్తబోతుంటే మస్తానయ్య అడ్డం వచ్చాడట. నా మైకుకు ఒక రూలు, నీ నాదస్వరానికి ఇంకో రూలా, అర్జీ పెట్టింది నువ్వే గదా, అని నలుగురిలో అడిగాడట. కామాక్షయ్య పుస్తకం తెప్పించి చదివిస్తే మేళం అన్న మాట అందులో ఉండనే ఉంది.

"న్యాయమే గదా, వాడి నోరు మూపించి నేను ఊదితే ఏం బాగుంటాది, వీధంతా ఆపితే స్వామికి మేళం ఉండదు, మన గడప ముందర మటుకు ఊదను అన్నాను, సరేనన్నారు. బిడ్డ కూడా నిద్రపోతుంటాది, మంచిదే అనుకున్నానే."

"నిద్రపోలేదు. తల దువ్వుకుని కూర్చోనుండింది."

"మరి..." అన్నాడు హజరత్తయ్య. ముప్పై ఏళ్ళలో తను ఆపిన గడపలన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చినట్టున్నాయి. నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కింద కూలబడ్డాడు. తెల్లకాగితం మీది కట్టడిని పాటించి, ఒంట్లో ఉన్న కట్టడిని మరిచిపోయాడు. ఊళ్ళో ఇంకెవరు మరిచినా పోనీ అనుకోవచ్చు, మేళగాడు మరిచాడు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, కూతురి మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి ఆనందభైరవి వాయించాడు. అది ఆ పిల్లకు ప్రాణం. అయ్యేదాకా కళ్ళు మూసుకుని విన్నది.

"బాగుంది నాయనా" అన్నది. "కానీ ఇంట్లో వాయించేది నా కోసం. నా మనసు కోసం ఏమైనా వాయిస్తావు. వీధిలో దేవుడి ముందర నువ్వు అబద్ధం వాయించవు."

హజరత్తయ్య పీక విప్పి పక్కన పెట్టాడు. అట్లా పెంచింది తనే.

మస్తానయ్య సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. గడప బయటే నిలబడి, "నా మాటకే ఆపినాడు పాపా, నా అంగడి మీద ఒట్టు" అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. చెంచులక్ష్మి అతన్ని చూసి మర్యాదగా నవ్వింది. మస్తానయ్య వెళ్ళాక, "మస్తానన్నకు కూడా చెప్పి పంపించినారా" అని తల్లిని అడిగింది. నిజం చెప్పేవాళ్ళు ఎక్కువయ్యే కొద్దీ ఆ పిల్లకు అది కూడబలుక్కున్న మాటగా తోచింది. దానికి ఎవరేం చెయ్యగలరు?

ఇక ఒకటే దారి. ఆఖరి రోజు పల్లకి మళ్ళీ ఆ వీధిలోకి వస్తుంది. అప్పుడు గడప ముందు మేళం మోగాలి. హజరత్తయ్య కామాక్షయ్య దగ్గరికి వెళ్ళి, అర్జీ వెనక్కి తీసుకుంటానన్నాడు.

"అర్జీ నీది హజరత్తయ్యా, తీర్మానం పంచాయతీది" అన్నాడు కామాక్షయ్య. ఆయనకూ బాధగానే ఉంది. "నకలు తాలూకాఫీసుకు పొయ్యింది. చేసేదానికి ఎంతమంది సభ్యులు కావాల్నో, తీసేదానికీ అంతమంది కావాల. ఇద్దరు నెల్లూరులో ఉండారు. మనిషిని పంపిస్తా. ఆఖరి రోజుకల్లా నీకు కాగితం ఇస్తా, నాదీ పూచీ."

ఇచ్చాడు కూడా. నాలుగో రోజు మధ్యాహ్నానికి సభ్యులందరినీ కూర్చోబెట్టి, దేవుడి మేళానికి ఆ కట్టడి వర్తించదని రాయించాడు. మస్తానయ్య పిలవకపోయినా వెళ్ళి, తన మైకుకు మాత్రం వర్తించేటట్టే ఉంచమని, బిడ్డ లేచి తిరిగేదాకా తను మీట ముట్టనని చెప్పి వచ్చాడు. ఊరంతా మంచివాళ్ళే. చెడ్డవాడొక్కడున్నా ఆదిశేషమ్మకు తిట్టుకోవడానికి ఒక పేరు దొరికేది.

ఆ కాగితం వచ్చేలోపలే జ్వరం తిరగబెట్టింది. పిల్ల రెండో రోజు నుంచే జావ గిన్నె పక్కకు నెట్టేస్తోంది. మాత్ర నోట్లో వేస్తే నాలుక కింద పెట్టుకుని తర్వాత ఉమ్మేసింది. మూడో రోజుకు ఒళ్ళు పెనమైంది. సమాధానం సూదులు వేశాడు. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామా అంటే, జ్వరానికి పుండైన పేగు బస్సు కుదుపుకు ఆగదన్నాడు. వెళ్ళేటప్పుడు ఆదిశేషమ్మను పక్కకు పిలిచాడు.

"ఇది తిరగబెట్టే జ్వరమని ముందే చెప్పినా గదా తల్లీ. మేళానికీ దీనికీ పొంతన లేదు. నీ నెత్తిన వేసుకోమాక."

ఆదిశేషమ్మ తల ఊపింది. ఆయనకు జ్వరం సంగతి తెలిసి ఉండొచ్చు. మేళం ఆగినప్పుడు ఆ పిల్ల మొహం ఎట్లా మారిందో ఆయన చూడలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం వచ్చిన సమాధానం థర్మామీటరు బయటికి తియ్యలేదు. చెయ్యి పట్టుకుని చూశాడు, తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశాడు, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. హజరత్తయ్య అప్పటికే గుడికి వెళ్ళి ఉన్నాడు. వెళ్ళేముందు నానబెట్టిన కొత్త పీకను కూతురికి చూపించి, "ఈ పొద్దు ఆపను పాపా, మన గడప ముందరే ఆనందభైరవి. చూస్తుండు" అని చెప్పి వెళ్ళాడు. పిల్ల చూసిందో లేదో తెలియదు. కళ్ళు సగం మూసి ఉన్నాయి.

భర్తకు కబురు పంపాలా అని ఆదిశేషమ్మ ఒక క్షణం ఆలోచించింది. పంపలేదు. పోయే ప్రాణం రాగానికి తగులుకుంటుందని గదా పెద్దల మాట. తగులుకుంటే తగులుకోనీ, పోలేకపోతే పోలేకపోనీ, ఇక్కడే ఉండిపోనీ. మేళం ఎంత తొందరగా వస్తే అంత మంచిదని ఆమె మంచం పట్టె మీద కూర్చుని, బిడ్డ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని చెవులు రిక్కించింది.

పొద్దు వాలింది. డోలు మొదలైంది. నాదస్వరం గుడి వీధి దాటింది.

"పాపా, మీ నాయన వస్తుండాడు. విను" అన్నది.

మేళం మలుపు తిరిగింది. గాలి ఒక్కసారి ఇంట్లోకి తెచ్చి పోసినట్టు రాగం గదినిండా నిండింది. చెంచులక్ష్మి కళ్ళు తెరిచింది. పెదాలు కదిలాయి. ఆదిశేషమ్మ చెవి దగ్గర పెట్టింది.

"కొత్త పీక" అన్నది పిల్ల.

"కొత్త పీకే పాపా. నువ్వు కట్టిందే. విను, మనింటి ముందర కూడా వాయిస్తాడు, ఆపడు, చూడు."

పిల్ల చెయ్యి దుప్పటి మీద ఒక్క దెబ్బ తాళం వేసింది. రెండోది వెయ్యలేదు. ఎదురింటి వరసలో ఎవరో హారతి ఇస్తున్నారు, మేళం అక్కడ నిలబడి జోరందుకుంది. ఆ జోరులో ఆదిశేషమ్మకు బిడ్డ ఊపిరి వినబడలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. గుండె మీద చెవి పెట్టింది. మేళం ఇంకా మూడిళ్ళ అవతల ఉంది. ఆపుతాడో ఆపడో తెలియకుండానే ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఆదిశేషమ్మ నోరు తెరిచింది. ఏడుపు గొంతు దాకా వచ్చింది. అది బయటికి వస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పల్లకి మోసే బోయీలు వెనక్కి తిరుగుతారు. మేళం ఆగుతుంది. ఆ మనిషి తన బిడ్డ గడప ముందు రెండోసారి ఆపుతాడు, ఇక ఈ జన్మలో నాదస్వరం నోట పెట్టుకోడు. ఆమె కొంగు మొత్తం నోట్లో కుక్కుకుంది. బిడ్డ రెప్పలు చేత్తో మూసింది. దుప్పటి గడ్డం దాకా లాగి, నిద్రపోతున్న పిల్లకు సర్దినట్టు సర్దింది. కొంగు తీసి, మొహం తుడుచుకుని, గడపలోకి వచ్చి రెండు ద్వారబంధాలూ పట్టుకుని అడ్డంగా నిలబడింది.

పల్లకి వచ్చి ఇంటి ముందు ఆగింది. హజరత్తయ్య నాదస్వరం మీదుగా భార్య వైపు చూశాడు. వింటోందా అని కనుబొమ్మలతో అడిగాడు. ఆదిశేషమ్మ తల ఊపింది.

అప్పుడు అతను ఆనందభైరవి ఎత్తుకున్నాడు. పెళ్ళిళ్ళలో వాయించినట్టు కాదు, తిరునాళ్ళలో వాయించినట్టు కాదు. మంచం ఏ గోడ పక్కన ఉందో అటు తిరిగి, గోడలు అడ్డం లేనట్టు వాయించాడు. డోలు వాయించేవాడు కాసేపటికి చెయ్యి తగ్గించి ఊరుకున్నాడు. బోయీలు భుజాలు మార్చుకోవడం మరిచిపోయారు. పాల చెంబుతో వచ్చిన మస్తానయ్య దాన్ని కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. ఆదిశేషమ్మకు పాతికేళ్ళలో మొదటిసారి రాగం అంటే ఏమిటో తెలిసింది, తెలియకపోయినా బాగుండేది. ఆమె గోళ్ళు ద్వారబంధం చెక్కలో దిగాయి.

పూజారి హారతి పళ్ళెం కోసం చెయ్యి చాచాడు. శవమున్న ఇంట్లోంచి స్వామికి హారతి ఇవ్వడం ఆమె వల్ల కాలేదు.

"నేను దూరంగా ఉండాను సామీ" అన్నది. ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు చెప్పే మాటే అది. పూజారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఎవరికీ అనుమానం రాలేదు. పల్లకి మేళంతోనే కదిలింది, మేళంతోనే వీధి దాటింది.

స్వామి గుడి చేరి తలుపులు పడేదాకా ఏడవకూడదు. ఆదిశేషమ్మ తలుపు దగ్గరగా వేసి, బిడ్డ కాళ్ళ దగ్గర కూర్చుంది. గుడి దగ్గర మేళం వాయించే ముగింపు రాగం వినబడింది. చివరి గంట వినబడింది. లేచి దీపం పెట్టింది. అంతసేపూ కొంగు నోట్లోనే ఉంది.

హజరత్తయ్య దాదాపు పరుగున వచ్చాడు. ఒక చేతిలో నాదస్వరం, ఇంకో చేతిలో ఆకుదొన్నెలో ప్రసాదం, స్వామి మెడలోని దండ నుంచి అడిగి తెచ్చిన ఒక మల్లెచెండు. నాలుగు రోజుల నుంచి వంగిపోయిన మనిషి నిటారుగా ఉన్నాడు. భార్య నోట్లోని కొంగు తీసి గడపలోనే ఎదురొచ్చింది.

"వినిందా?"

"వినింది."

"ఏమనింది?"

"కొత్త పీక అనింది" అన్నది. ఆ మాట అబద్ధం కాదు గనక చెప్పగలిగింది.

హజరత్తయ్య మొహం విప్పారింది. "కనిపెట్టేసింది చూడు. మలుపు దగ్గర్నించే కనిపెట్టుంటాది" అన్నాడు. ఆదిశేషమ్మ అవునని తల ఊపింది. అతను లోపలికి తొంగిచూసి, దుప్పటి కప్పుకుని పడుకున్న కూతురిని చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. చెప్పులు వాకిట్లోనే విడిచి, నాదస్వరం గోడకు చప్పుడు కాకుండా ఆనించి, మల్లెచెండు పట్టుకుని మునికాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. గడప నుంచి మంచం దాకా పది అడుగులు ఉంటాయి. మళ్ళీ కొంగు నోట్లో కుక్కుకుని, ఆ పది అడుగులూ అతన్ని సంతోషంగా నడవనిచ్చింది ఆదిశేషమ్మ. అతనికి ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

"పాపా" అని పిలిచాడు, నిద్ర చెడకుండా, మెల్లగా.

కాసేపు ఆగి, ఇంకొంచెం గట్టిగా పిలిచాడు.

ఆదిశేషమ్మ గడప మీద కూలబడి నోట్లోని కొంగు తీసేసింది. ఆమె ఏడుపు బస్సు ఆగే చోటు దాకా వినబడింది.